టాక్సీ పుస్తకంలో తెలుగు పేజీ

పోయిన వారం విద్యని ఎక్కడ వదిలేశామో గుర్తుంది కదా? బ్యాంకాక్‌లో, గులాబీరంగు టాక్సీ వెనక సీట్లో, ఒళ్ళో ఒక పాత నోటుపుస్తకం తెరిచి పెట్టుకుని, అందులో మొగుడి చేతిరాత చూస్తూ కూర్చున్న చోట. అది జరిగి మూడు రోజులైంది. ఈ మూడు రోజుల్లో ఆమె పాస్‌పోర్ట్ చేతికొచ్చింది, రెండు విమానాలు మారింది, నిన్న సాయంత్రం న్యూవార్క్‌లో దిగింది. తీసుకెళ్ళడానికి వచ్చిన మొగుడు అనూప్‌ని చూసి నవ్వింది కూడా. ఆ నవ్వు ఎలా తెచ్చిపెట్టుకుందో ఆమెకే తెలియాలి.

కథలోకి ఇప్పుడే అడుగు పెడుతున్నవాళ్ళ కోసం ఆ టాక్సీ సంగతి కాస్త వెనక్కి వెళ్ళి చెప్పాలి. అమెరికాలో, న్యూజెర్సీ పార్సిప్పనీలో ఉద్యోగాలు చేసుకునే మనవాళ్ళకి ఈ వీసా స్టాంపింగ్, అంటే దేశం దాటి వెళ్ళి పాస్‌పోర్ట్‌లో కొత్త వీసా వేయించుకోవడం, ఒక పెద్ద గోల. ఇండియాలో అపాయింట్‌మెంట్ కావాలంటే ఏడాది ఆగమంటారు. అంత ఓపిక ఎవరికుంది? బ్యాంకాక్ పరిగెడతారు. అక్కడ అమెరికా ఎంబసీలో పాస్‌పోర్ట్ అప్పజెప్పాక, అది తిరిగి చేతికొచ్చేదాకా చేసే పనేముంది గనక, టాక్సీ మాట్లాడుకుని ఊరు చూస్తారు. ఏ టాక్సీ అని వెతుక్కోనక్కర్లేదు. స్టాంపింగ్ వాట్సాప్ గ్రూపులో ఎప్పటినుంచో ఒకే నంబరు నడుస్తోంది. ఆ డ్రైవరు పేరు విచై. అరవై దాటిన మనిషి, మాటకి ముందే చేతులు జోడిస్తాడు.

"నమస్కారం అమ్మా! మంచినీళ్ళు?" అని తెలుగులో పలకరించేసరికి విద్య నవ్వేసింది. విచైకి వచ్చిన తెలుగంతా కలిపి పది మాటలు, అందులో సగం తిండివే. అద్దానికి పూలదండ, డాష్‌బోర్డు మీద అరడజను బుద్ధ విగ్రహాలు, ఏసీ చలికి వెనక సీట్లో ఒక దుప్పటి. ముందు రాజుగారి కోట చూపించాడు. అక్కడ గోడల నిండా రామాయణమే. హనుమంతుడు తెల్లగా పాలలా ఉన్నాడు. విద్య అక్కడికక్కడే ఇంటికి వీడియో కాల్ చేసి అత్తగారికి ఆ బొమ్మలన్నీ చూపించింది. కనకదుర్గమ్మ ఫోన్లోకి మొహం పెట్టేసి, "అబ్బబ్బ, అక్కడ కూడా మన రాముడేనా! నా కళ్ళతో నేనెప్పుడు చూస్తానే తల్లీ!" అని మురిసిపోయింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, పని ఉంది.

కోట తర్వాత పడుకున్న బుద్ధుడి గుడి. విగ్రహం వెనక గోడ పొడుగునా వరసగా నూటెనిమిది కంచు గిన్నెలు. వచ్చినవాళ్ళు ఒక్కో గిన్నెలో ఒక్కో నాణెం వేసుకుంటూ నడుస్తారు. టింగు, టింగు, టింగు. విద్య కూడా వేస్తూ వేస్తూ సగంలో ఆగిపోయింది. ఈ చప్పుడు ఇంతకు ముందు ఎక్కడో విన్నది. ఎక్కడ? ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఎండకి తల తిరుగుతోంది కాబోలు అనుకుని బయటికొచ్చి కొబ్బరిబోండాం తాగింది.

సాయంత్రం హోటలు ముందు ఆపి, విచై డాష్‌బోర్డు అరలోంచి నోటుపుస్తకం తీశాడు. తన కారులో తిరిగిన ప్రతివాళ్ళ చేతా వాళ్ళ వాళ్ళ భాషలో నాలుగు ముక్కలు రాయించుకోవడం అతని అలవాటు. రాయించుకునే ముందు కొత్తవాళ్ళకి వాళ్ళ భాష పేజీలు తీసి చూపిస్తాడు. తెలుగు అతనికి రాదు. గుండ్రంగా ఉంటే తెలుగని గుర్తు, అంతే. "యూ రీడ్, అమ్మా, యువర్ పీపుల్," అని గర్వంగా పుస్తకం ఆమె ఒళ్ళో పెట్టాడు. అందులో ఇలా ఉంది.

"నిన్ననే పాస్‌పోర్ట్ చేతికొచ్చింది. ఆ సంతోషంలో ఇవాళ రోజంతా విచై గారి కారులో బ్యాంకాక్ తిరిగాము. మనిషి బంగారం, నిశ్చింతగా ఎక్కండి. మా ఇద్దరికీ జన్మంతా గుర్తుండిపోయే రోజు. అనూప్, పార్సిప్పనీ, న్యూజెర్సీ. నవంబర్ 17."

తెలుగులో రాస్తే ఎవరూ చదవరని ఎంత ధీమా చూడండి! ఆ పుస్తకం చదివేదే తెలుగువాళ్ళని, ఆ కారెక్కేదే పార్సిప్పనీ వాళ్ళని ఆ మహానుభావుడికి తట్టలేదు. ఊరి పేరు కూడా గర్వంగా రాసుకున్నాడు.

నవంబర్ పదిహేడు అంటే విద్య కూతురు అనుష్క పుట్టినరోజు. పదహారు నెలల కిందట, విద్యకి ఎనిమిదో నెల నడుస్తుండగా అనూప్ స్టాంపింగ్‌కి బ్యాంకాక్ వెళ్ళాడు. ఈ అపాయింట్‌మెంట్ వదులుకుంటే మళ్ళీ దొరకదు, వారంలో వచ్చేస్తానన్నాడు. వెళ్ళాక, "అడ్మినిస్ట్రేటివ్ ప్రాసెసింగ్‌లో పెట్టారు, ఇంకా ఏవో చెక్ చెయ్యాలట, పాస్‌పోర్ట్ వాళ్ళ దగ్గరే ఉండిపోయింది," అని పద్దెనిమిది రోజులు రాలేదు. ఈలోగా ఆమెకి ఆరువారాల ముందే నొప్పులొచ్చాయి. పక్క బిల్డింగు సుమతి ఆంటీ తన కారులో హాస్పిటల్‌కి తీసుకెళ్ళింది. మొగుడు పక్కన లేకుండానే ఆపరేషన్ అయింది, పిల్లని గాజుపెట్టెలో పెట్టారు. అనూప్ ఇంటికొచ్చేసరికి అనుష్కకి పన్నెండు రోజులు.

ఇప్పుడు శనివారం పొద్దున్న పదిన్నర. విద్య స్టాంపింగ్ సవ్యంగా అయితే సత్యనారాయణ వ్రతం చేయిస్తానని కనకదుర్గమ్మ మొక్కుకుంది, అందుకని ఇవాళ వ్రతం. పదకొండుకి ఎడిసన్ ఊరి నుంచి పంతులుగారు వస్తారు, పదకొండున్నరకి పాతికమంది అతిథులు. హాల్లో అనూప్, విద్య పక్కపక్కన కూర్చోవడానికి రెండు పీటలు వేసి ఉన్నాయి. అవి అత్తగారు తెనాలి నుంచి సూట్‌కేస్‌లో పెట్టుకుని తెచ్చిన పీటలు. వంటింట్లో ఆవిడ ప్రసాదానికి రవ్వ వేయిస్తోంది. పొగకి అలారం మోగకుండా పొయ్యి మీది ఫ్యాను ఫుల్‌లో పెట్టింది. ఆ హోరులో ఇంకేమీ వినపడదు. విద్యకి కావలసింది కూడా అదే.

"అనూప్, ఇలా వచ్చి కూర్చో."

అనూప్ వెల్క్రో పంచె సరిగ్గా అతుక్కోక తంటాలు పడుతున్నాడు. "టైమ్ లేదు విద్యా. మామిడాకులు ఇంకా ఫ్రీజర్‌లోనే ఉన్నాయి."

"మామిడాకులు ఎక్కడికీ పోవు. కూర్చో."

ఆ గొంతు విని తలెత్తి చూశాడు. విద్య ఆ టాక్సీ పుస్తకం పేజీకి తీసుకున్న ఫోటో తెరిచి ఫోన్ అతని చేతిలో పెట్టింది. "చదువు. పైకి చదువు."

అతను పైకి చదవలేదు. లోపల ఎన్నిసార్లు చదువుకున్నాడో గానీ, ఆ ఐదు లైన్లకి చాలాసేపు పట్టింది. 

"ఏంటిది?" అన్నాడు చివరికి.

"నన్నడుగుతావేంటి? రాసింది నువ్వు."

"ఎవరో అనూప్. పార్సిప్పనీలో అనూప్‌ని నేనొక్కణ్ణేనా?"

"పేరు కింద రెండు గీతలు కొట్టి పక్కన చుక్క పెట్టే అనూప్ ఎంతమంది ఉన్నారు? మన పెళ్ళి సర్టిఫికెట్ మీద అదే ఉంది, ఈ ఇంటి లీజ్ మీద అదే ఉంది. పిల్ల డేకేర్ ఫారం మీద మొన్న పెట్టింది కూడా అదే."

"చూడు, వ్రతం రోజు పొద్దున్నే ఈ గొడవేంటి? నువ్వు వెళ్ళింది స్టాంపింగ్‌కా, డిటెక్టివ్ పనికా?"

విద్యకి ఒళ్ళు మండింది.  పూజ సామాన్ల పళ్ళెం పక్కనుంచి ఒక పాస్‌పోర్ట్ తీసి, వీసా అంటించిన పేజీ తెరిచి అతని ముందు పెట్టింది.

"నీదే. మనందరం వీసా ఎప్పుడు ఎక్స్‌పైర్ అవుతుందో చూస్తాం. ఎప్పుడిచ్చారో ఎవరం చూడం. నేనూ పదహారు నెలలు చూడలేదు. నిన్న రాత్రి చూశాను. ఇష్యూ డేట్ చదువు."

"నా ఫైల్ వెతికావా?"

"వెతికాను. చదువు."

అతను చదవలేదు. అందుకని ఆమే చదివింది. "నవంబర్ పదిహేను. పదహారున నీ చేతికొచ్చింది, నీ రాతే చెబుతోంది. ప్రాసెసింగ్ లేదు, పాడూ లేదు. వీసా జేబులో పెట్టుకుని పదమూడు రోజులు అక్కడ కూర్చున్నావు. ఇక్కడ నేను..." అంతవరకు వచ్చి ఆగింది. ఏడవకూడదని విమానంలోనే ఒట్టు పెట్టుకుంది. "ఇక్కడ నన్ను కోసి పిల్లని తీస్తున్నారు."

"గట్టిగా అరవకు, అమ్మ వింటుంది."

"ఫ్యాను తిరుగుతోంది, వినపడదు. అయినా వినపడితే ఏం? నీకు సిగ్గనిపించనిది ఆవిడకి వినపడితే అనిపిస్తుందా?"

"నేను చెప్పేది కూడా కాస్త విను!"

"వింటాను. ముందు నేను విన్నది చెప్తాను. ఆ రాత్రి తొమ్మిదింటికి హాస్పిటల్ నుంచి కాల్ చేశాను. నీకు పొద్దున్న తొమ్మిది. రూములోనే ఉన్నా, దేవుడికి దండం పెట్టుకుంటున్నా అన్నావు. మళ్ళీ అర్ధరాత్రి చేశాను. నీకు మధ్యాహ్నం. 'ఏంటా చప్పుడు' అని అడిగితే, హోటల్‌లో ఎవరో స్పూన్లు కడుగుతున్నారన్నావు. గుర్తుందా?"

అనూప్ చూపు కిటికీ వైపు తిప్పుకున్నాడు.

"టింగు టింగుమని. నేను మొన్న ఆ గిన్నెల్లో నాణేలు వేస్తుంటే అదే చప్పుడు. ఎక్కడ విన్నానా అని పిచ్చిదానిలా నిలబడిపోయాను. నాకు నొప్పులొస్తుంటే నువ్వు పడుకున్న బుద్ధుడి వెనకాల నాణేలు వేసుకుంటున్నావు అనూప్! ఒక చేత్తో ఫోన్, ఒక చేత్తో నాణేలు!"

"నేను అక్కడుండి ఏం చెయ్యగలను? ఎగిరొచ్చినా ఇరవై గంటలు పడుతుంది. టెన్షన్‌లో రూములో కూర్చోలేక వెళ్ళాను, అంతే."

"ఇరవై గంటల్లో రాగలవు కదా మరి. పన్నెండు రోజులెందుకు పట్టింది?"

అనూప్ పంచె అంచు వేళ్ళతో నలుపుతూ కూర్చున్నాడు. ఆ కూర్చోవడం చూస్తే విద్యకి జాలి రావాలి, అసహ్యం వచ్చింది. ఈ మనిషి కోసం తను ఎంతమందితో తగువు పెట్టుకుందో గుర్తొచ్చింది. 'పురిటికి లేని మొగుడేం మొగుడే' అన్నందుకు కన్నతల్లితో ఆర్నెల్లు మాట్లాడలేదు. 'ఏం ప్రాసెసింగో అన్ని రోజులు, చిత్రంగా ఉంది' అని సుమతి ఆంటీ పొరపాటున నోరు జారితే, ఆ పెద్దావిడ ఇంటికి మూడు నెలలు గడప తొక్కలేదు. అందరికీ ఒకటే మాట చెప్పింది, పాపం ఆయన మాత్రం ఏం చేస్తాడు, వీసా కదా అని. ఎంత పిచ్చిమొహాన్నయ్యాను అనుకుంది.

"ఆ తలుపు దగ్గర నా సూట్‌కేస్ చూశావా?" అంది. "నిన్న వచ్చినప్పటినుంచి విప్పలేదు. ఎందుకో ఆలోచించావా? పిల్ల బట్టలు కూడా అందులోనే సర్దాను. పంతులుగారు వచ్చేలోపు నాకు నిజం చెప్పు. చెప్తే, అది ఎంత దరిద్రంగా ఉన్నా సరే, ఈ పూటకి నీ పక్కన ఆ పీట మీద కూర్చుంటాను. ఆ తర్వాతది తర్వాత చూద్దాం. ఇంకొక్క అబద్ధం చెప్పావో, లోపల నిద్రపోతున్న పిల్లని భుజాన వేసుకుని వెళ్ళిపోతాను. వచ్చిన పాతికమందికి నువ్వే కథ చెప్పుకో."

"విద్యా, ప్లీజ్..."

"మా ఇద్దరికీ అని రాశావు. జన్మంతా గుర్తుండిపోయే రోజని రాశావు. ఎవరా రెండో మనిషి?"

వంటింట్లో ఫ్యాను హోరు. వేగిన రవ్వ, నెయ్యి వాసన హాలంతా నిండింది. అనూప్ రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు, తీశాడు. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"అమ్మ," అన్నాడు.

విద్యకి అర్థం కాలేదు. "ఏ అమ్మ?"

"మా అమ్మే. అప్పటికి అమ్మని చూసి ఐదేళ్ళయింది విద్యా. నేను ఇండియా వెళ్తే స్టాంపింగ్ దొరక్క ఇరుక్కుపోతానని వెళ్ళలేకపోయాను. బ్యాంకాక్ అయితే హైదరాబాద్ నుంచి నాలుగ్గంటలే కదా, అందుకని అమ్మని అక్కడికి పిలిపించాను. అక్కడ చాలామంది అలాగే చేస్తారు, నీకూ తెలుసు. టాక్సీ మాట్లాడి ఒక్కరోజు ఊరు చూపించాను. కోటలో రామాయణం బొమ్మలు చూసి చిన్నపిల్లలా సంబరపడింది. మర్నాడు జ్వరం. డెంగీ అన్నారు. హాస్పిటల్‌లో పెట్టాను. వదిలేసి ఎలా రాను చెప్పు? ఒకవైపు నువ్వు, ఒకవైపు అమ్మ. నాకు పిచ్చెక్కిపోయింది."

"నాకు ఒక్క మాట చెప్తే ఏం పోయింది?"

"అమ్మే వద్దంది. నీ పురిటికి రాలేనని చెప్పి బ్యాంకాక్ వచ్చిందని తెలిస్తే నువ్వు జన్మలో క్షమించవని భయపడింది. నా చేత ఒట్టు వేయించుకుంది. ఇప్పుడు కూడా అడగకు విద్యా, బీపీ మనిషి. నన్నేమన్నా అను, పడతాను."

విద్య సోఫా చేతిమీద కూలబడింది.  ఇన్ని రోజులు మనసులో ఎన్ని మొహాలు ఊహించుకుందో! ఆఫీసులో పనిచేసే అమ్మాయిలని, అతని పాత క్లాస్‌మేట్లని, స్టాంపింగ్ గ్రూపులో డీపీ పెట్టుకున్న ప్రతి ఆడదాన్నీ అనుమానించింది. అత్తగారి మొహం మాత్రం ఊహలోకి రాలేదు. తల్లీ పెళ్ళాం మధ్య నలిగిపోయిన మగాడు. ఇలాంటివాణ్ణి తిట్టొచ్చు, నాలుగు రోజులు మాట్లాడకుండా ఉండొచ్చు, వదిలేసి మాత్రం వెళ్ళక్కర్లేదు. ఆమెకి తెలియకుండానే ఊపిరి కాస్త తేలికగా ఆడింది.

కోపం పోలేదు, గురి మారింది. 'విమానమంటే నాకు చచ్చే భయమే, ఎక్కలేనే తల్లీ' అని పురిటికి రమ్మన్న ప్రతిసారీ ఫోన్లో ఏడ్చిన మనిషి, కొడుకు పిలవగానే విమానమెక్కి ఊరు చూడ్డానికి వెళ్ళిందా? నాలుగు నెలల కిందట న్యూవార్క్‌లో వీల్‌చెయిర్‌లోంచి దిగి, 'మొదటిసారమ్మా, దిగేదాకా కళ్ళు తెరవలేదు' అని తన చెయ్యి పట్టుకుని వణికింది కూడా. మొన్నటికి మొన్న వీడియో కాల్‌లో, నా కళ్ళతో నేనెప్పుడు చూస్తానో అని ఆ మురిసిపోవడం!

"ఎంత నటన!" అంది పైకే. "ఛీ, ఎంత నటన! నా పిల్ల గాజుపెట్టెలో ఉంటే ఆవిడ కోట చూసి సంబరపడిందా? ఆవిడ చేతి ప్రసాదం తిని, ఆవిడ తెచ్చిన పీట మీద నేను కూర్చోవాలా? మీ అమ్మాకొడుకులు నన్ను ఏమనుకున్నారు? పనిమనిషిననా?"

"నెమ్మదిగా..." అని చెయ్యి చాచాడు అనూప్. ఆ చెయ్యిని ఆమె తోసేసింది గానీ ఇందాకటంత విసురుగా కాదు.

అప్పుడు విద్యకి గోడ గడియారం చప్పుడు వినిపించింది. ఇందాకటినుంచీ వినపడనిది ఇప్పుడెలా వినపడుతోందా అని ఆలోచిస్తే, వంటింట్లో ఫ్యాను ఆగిపోయి ఉంది. ఎప్పుడు ఆగిందో తెలియదు.

కనకదుర్గమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో గరిటె, దానికి అంటుకుని కేసరి. 

"ఎవర్రా బ్యాంకాక్ వెళ్ళింది?" అంది.

"అమ్మా, నువ్వు లోపలికి వెళ్ళు. ఇది మా ఇద్దరి విషయం."

"వెళ్తాను. హాస్పిటల్‌లో కూడా పెట్టావు కదా నన్ను, ఎన్నాళ్ళు ఉన్నానో, ఏ మందులిచ్చారో చెప్పు. తెలుసుకునే వెళ్తాను."

"అమ్మా!"

"ఏంట్రా అమ్మా? అమ్మనే కదా, ఏం చెప్పినా నోరు మూసుకుని తలూపుతాననుకున్నావా?"  ఆవిడ కోడలి వైపు తిరిగింది. "నువ్వన్న మాటలన్నీ విన్నానమ్మాయ్. నటన అన్నావు. ఛీ అన్నావు. అవి నేను మర్చిపోను, దాని లెక్క మనిద్దరికీ వేరే ఉంది. ముందు నా గదిలో గోడకి తగిలించిన సంచీ పట్రా."

విద్య లేచి వెళ్ళింది. పసుపు గుడ్డ సంచీలో దేవుడి పటం, బీపీ మాత్రలు, అడుగున ప్లాస్టిక్ కవర్‌లో పాస్‌పోర్ట్. తెచ్చి ఇవ్వబోతే ఆవిడ అందుకోలేదు.

"నా కళ్ళజోడు పొయ్యి దగ్గరుంది. నువ్వే చదువు. దాన్ని ఎప్పుడిచ్చారో చూడు."

విద్య మొదటి పేజీ తెరిచింది. ఇచ్చిన తేదీ మీద వేలు పెట్టి చదివింది. ఇంకోసారి చదివింది. పోయిన ఆగస్టు. అనుష్క పుట్టి అప్పటికే తొమ్మిది నెలలు.

"ఇంతకు ముందు ఇంకో పాస్‌పోర్ట్ ఉందా అత్తయ్యా?" అని అడిగింది. 

"ఇదే మొదటిది. తెనాలి నుంచి విజయవాడ వెళ్తే, మిషనుకి వేలిముద్రలు అందడం లేదని మూడుసార్లు తుడిపించి మరీ తీసుకున్నారు. దరఖాస్తు నింపింది ఎవరనుకున్నావు? వీడే, ఫోన్లో కూర్చుని." ఆవిడ కొడుకు దగ్గరికి రెండడుగులు వేసింది. "పెళ్ళాంతో అబద్ధమాడావు, మీరూ మీరూ చావండి. నా తలమీద ఎందుకు పెట్టావురా? ఆ పిల్ల పురిటికి నేను రాలేకపోయానని ఈ నాలుగు నెలలూ నాతో మనసు విప్పి మాట్లాడలేదు. అది నా తప్పే, భయపడ్డాను, ఒప్పుకుంటాను. ఆ తప్పుని పట్టుకుని నువ్వు నీ గొడుగు చేసుకుంటావా?"

అనూప్ లేచి నిలబడ్డాడు.  పంచె నడుం దగ్గర వెల్క్రో చర్రున ఊడింది, దాన్ని పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

విద్యకి ఇందాక క్షణంసేపు తేలికపడిన ఊపిరి గుర్తొచ్చి తనమీద తనకే రోత పుట్టింది. ఇంకో రెండు నిమిషాలు ఆ ఫ్యాను ఆగకపోయి ఉంటే, తను వెళ్ళి అతని పక్కన పీట మీద కూర్చునేది. ఈ పెద్దావిణ్ణి జన్మంతా ద్వేషిస్తూ, అతనికి అన్నం పెడుతూ బతికేసేది.

"నేనేం చెప్పానో గుర్తుందా?" అంది అనూప్‌తో. "ఇంకొక్క అబద్ధం అన్నాను."

"విద్యా, నేను చెప్తాను. వ్రతం అయ్యాక మొత్తం చెప్తాను. ప్రామిస్."

కిటికీ బయట పార్కింగ్‌లో కారు తలుపు పడిన చప్పుడైంది. పంతులుగారు ట్రంక్ తెరిచి పూజ సామాన్ల పెట్టె దించుకుంటున్నారు. విద్య పిల్ల గది వైపు తిరిగింది. సరిగ్గా అప్పుడే సోఫా మీద ఆమె ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, వెనక్కి వచ్చి అందుకుంది.

విచై. పుస్తకం తిరిగి ఇచ్చేటప్పుడు ఆ రోజు ఆమె అతన్ని నవంబర్ పదిహేడు ఫోటో ఉందా అని అడిగింది. తిప్పిన ప్రతివాళ్ళనీ నది ఒడ్డున నిలబెట్టి ఫోటో తీయించుకోవడం కూడా అతని అలవాటే. పాత ఫోటోలు పాత ఫోన్లో ఉన్నాయి, ఊళ్ళో కూతురి దగ్గరుంది, వెతికి పంపిస్తానన్నాడు. మాట నిలబెట్టుకున్నాడు. "అమ్మా, ఫౌండ్. నవంబర్ సెవెంటీన్. వెరీ హ్యాపీ డే," అని ఉంది, కింద ఇంకా తెరుచుకోని ఫోటో.

అనూప్‌కి అక్కణ్ణుంచే డ్రైవరు పేరు కనిపించింది. "ఆ ఫోన్ ఇలా ఇవ్వు," అన్నాడు. అడగడం కాదు, మీదికి రావడం. విద్య ఫోన్ ఉన్న చెయ్యి వెనక్కి పెట్టుకుంది. కనకదుర్గమ్మ ఇద్దరి మధ్యకీ వచ్చి నిలబడింది.

"చెయ్యి వేశావంటే గరిటెతో కొడతాను," అంది కొడుకుతో.

తర్వాత ఆవిడ వంగి, అనూప్ కోసం వేసిన పీటని తన దగ్గరికి లాక్కుంది. మోకాలు పట్టుకుని మెల్లగా దాని మీద కూర్చుంది. పక్క పీట మీద చేత్తో తట్టింది.

"కూర్చో. తెరువు. నా పేరు పెట్టుకుని తిరిగిందెవరో నేను కూడా చూడాలి."

విద్య కూర్చుంది. బయట పంతులుగారు బెల్లు కొట్టారు, ఎవరూ కదల్లేదు. ఆమె ఫోటో మీద వేలు నొక్కింది. నది, నది అవతల గుడి గోపురం, మధ్యలో చేతులు జోడించి విచై, ఎడమవైపు నవ్వుతూ అనూప్. కుడివైపు పసుపు చీరలో ఒకామె, జుట్టు గాలికి చెదిరి, ఎండకి కళ్ళు చికిలించి. విద్య ఆ మొహాన్ని పెద్దది చేసి చూసింది. ఎప్పుడూ చూసిన మొహం కాదు.

కనకదుర్గమ్మ ఫోన్‌ని ముక్కు దగ్గరికి తెచ్చుకుంది.  చేతిలోంచి గరిటె జారి పీట పక్కన పడింది, ఆవిడ దాన్ని చూసుకోలేదు.

"ఒరేయ్ అనూప్," అంది, తల ఎత్తకుండానే. "ఈ పిల్ల చచ్చిపోయిందని చెప్పావు కదరా నాకు."